ఫైల్ మేనేజర్ ప్యాకేజీని కనిపెట్టుకుని ఉండడం అంటే ఏమిటి?

2017 అక్టోబరులో డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ 9వ విడుదలను వాడుతున్నవారికి, ఫోల్డర్లను తెరిచి చూపే నాటిలస్ అనే ఫైల్ మేనేజర్‌కు సవరించిన ప్యాకేజీ (పెట్టుకోవడానికి సిద్ధంగా కట్టిన మూట) ఒకటి అందింది. దాని వెర్షన్ 3.22.3-1+డెబ్9యూ1. చూడడానికి అంకెల కలగూరగంపలా ఉన్నా, ప్యాకేజీని కనిపెట్టుకుని ఉండేవారి పని ఏమిటో ఈ ఒక్క సంఖ్య చాలావరకు చెప్పేస్తుంది. మొదట ఉన్న 3.22.3 నాటిలస్‌ను రాసే గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు పెట్టినది. అడ్డగీత తర్వాతి 1, ఆ ప్రోగ్రామును డెబియన్‌లో ఒదిగేలా కట్టిన మొదటి కూర్పును సూచిస్తుంది. చివరి తోక, డెబియన్ 9 విడుదలైపోయిన తర్వాత అందులోకి పంపిన మొదటి సవరణ అని చెబుతుంది. ఈ తోక వల్ల ఆ ప్యాకేజీ 3.22.3-1 కంటే పెద్దదిగానూ 3.22.3-2 కంటే చిన్నదిగానూ లెక్కకు వస్తుంది కాబట్టి, రేపు వాడుకరి తర్వాతి డెబియన్‌కు మారినప్పుడు అప్‌గ్రేడ్ వెనక్కి నడవదు. అప్పటికే గ్నోమ్ దగ్గర 3.26 సిద్ధంగా ఉంది. అయినా వాడుకరికి చేరింది 3.22 మాత్రమే. దీని వెనుక ఉన్న కారణమే ఈ వ్యాసంలో అసలు విషయం.

ముందు ఆ సవరణ దేనికోసమో చూడాలి. యూనిక్స్ డెస్క్‌టాప్‌లలో ప్రోగ్రాములను ప్రారంభించడానికి డాట్ డెస్క్‌టాప్ అనే పొడిగింపుతో ముగిసే చిన్న పాఠ్య ఫైళ్లు ఉంటాయి. వాటిలో ఒక వరుస తెర మీద కనిపించాల్సిన పేరును చెబుతుంది, మరొకటి చూపించాల్సిన ఐకాన్‌ను, ఇంకొకటి నొక్కినప్పుడు నడవాల్సిన ఆదేశాన్ని చెబుతాయి. నాటిలస్ అలాంటి ఫైలు అసలు పేరును చూపకుండా లోపల రాసిన పేరునే చూపేది. దాంతో దుర్బుద్ధి ఉన్నవాడు పేరు వరుసలో ‘జీతాల పట్టిక.పీడీఎఫ్’ అని రాసి, పీడీఎఫ్ ఐకాన్ తగిలించి, ఆదేశం వరుసలో తనకు కావలసిన షెల్ ఆదేశాన్ని పెడితే, చూసేవారికి అది నికార్సైన పీడీఎఫ్‌లాగే కనిపించేది. ఫైలుకు నడిచే అనుమతి ఉంటేనే ఈ ఎత్తు పారుతుంది గానీ, టార్ వంటి ఆర్కైవ్‌లు ఆ అనుమతిని కూడా భద్రంగా మోసుకొస్తాయి. కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు. భద్రతా లోపాలకు సంఖ్యలు ఇచ్చే సీవీఈ జాబితాలో సీవీఈ-2017-14604గా నమోదైన లోపం ఇదే.

గ్నోమ్ దీనికి కనిపెట్టిన పరిష్కారం సరళమైనది. అలాంటి ఫైలును మొదటిసారి తెరిచినప్పుడు వాడుకరిని అడగాలి, ఇచ్చిన జవాబును ఆ ఫైలుకు సంబంధించిన మెటాడేటాలో ‘నమ్మదగినది’ అనే గుర్తుగా దాచుకోవాలి. ఈ మార్పు 3.23.90 వెర్షన్‌లోనే వచ్చేసింది. అయితే డెబియన్ 9లోకి కొత్త వెర్షన్లు రాకుండా 2017 ఫిబ్రవరిలోనే తలుపులు మూశారు. ఆ ఏడాది జూన్‌లో విడుదలైన డెబియన్ 9లో ఉన్నది 3.22. మార్పు ఒక భద్రతా లోపానికి విరుగుడు అని సీవీఈ సంఖ్య వచ్చి అందరికీ తెలిసేసరికి సెప్టెంబరు. అంటే అసలు రచయితలు నెలల క్రితమే దిద్దిన తప్పు, వాడుకరుల కంప్యూటర్లలో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ప్యాకేజీని కనిపెట్టుకుని ఉండే మెయింటైనర్ ముందు రెండు దారులు ఉంటాయి. కొత్త వెర్షన్‌ను యథాతథంగా తెచ్చి పెట్టవచ్చు. కానీ కొత్త నాటిలస్ జీలిబ్ వంటి లైబ్రరీల, అంటే ప్రోగ్రాములు పంచుకునే ఉమ్మడి కోడ్ కట్టల, కొత్త వెర్షన్లను అడగవచ్చు. వాటిని మారిస్తే వాటి మీద ఆధారపడిన ఇతర ప్రోగ్రాములన్నీ కదులుతాయి, స్థిరమైన విడుదల అన్న మాటకే అర్థం పోతుంది. రెండో దారి, ఆ ఒక్క సవరణను మాత్రం వేరు చేసి పాత కోడ్‌కు సరిపడేలా తిరగరాసి అతికించడం. దీన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. డెబియన్ ఎంచుకున్నది ఈ దారినే. వినడానికి తేలికగా ఉన్నా ఇందులో అసలు శ్రమ, ఆ సవరణ నిజంగా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చడంలో ఉంటుంది. పాత వెర్షన్‌లో ఆ ఫంక్షన్ వేరే ఫైలులో ఉండవచ్చు, సవరణకు అవసరమైన మరో చిన్న మార్పు అంతకు ముందెప్పుడో జరిగి ఉండవచ్చు. కొత్త హెచ్చరిక వాక్యం ఏదైనా చేరితే దానికి అనువాదం ఉండదు. ఆ వెర్షన్‌కు అనువాదకులు పని ముగించి చాలాకాలమై ఉంటుంది కాబట్టి, తెలుగు డెస్క్‌టాప్ పెట్టుకున్నవారికి సరిగ్గా ప్రమాదాన్ని హెచ్చరించే ఆ ఒక్క వాక్యమే ఇంగ్లీషులో కనిపిస్తుంది.

డెబియన్‌లో మెయింటైనర్ చేసే మార్పులు అసలు కోడ్‌లో కలిసిపోవు. రచయితలు విడుదల చేసిన ఆర్కైవ్ ముట్టుకోకుండా అలాగే ఉంటుంది. డెబియన్ పేరుతో ఉన్న ఉప ఫోల్డర్‌లో, ప్యాచెస్ అనే చోట, ఒక్కో మార్పు ఒక్కో ఫైలుగా వరుస క్రమంలో ఉంటుంది. ఏ మార్పు ఎవరు, ఎందుకు చేశారో, దాన్ని మూల రచయితలకు పంపారో లేదో ప్రతి ఫైలు తలమీద రాసుకునే పద్ధతి ఉంది. అదే ఉప ఫోల్డర్‌లో ప్యాకేజీ వివరాలు, కట్టే విధానం, మార్పుల చరిత్ర, లైసెన్సుల పట్టిక ఉంటాయి. నా దృష్టిలో వీటిలో అన్నింటికన్నా విసుగు పుట్టించేది లైసెన్సుల పట్టికే. ఫైల్ మేనేజర్‌లో కోడ్ ఒకరిది, ఐకాన్లు ఇంకొకరివి, సహాయ పాఠ్యం మూడోవారిది అయి ఉంటుంది. వాటన్నింటి హక్కుల వివరాలూ ఒక్కటీ వదలకుండా రాయాలి.

ప్యాచ్ అన్నది అవసరమైన ఆయుధమే గానీ, అది రెండంచుల కత్తి. 2006లో, సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ డెబియన్ ప్యాకేజీలో చేసిన ఒక చిన్న మార్పు యాదృచ్ఛిక సంఖ్యల నాణ్యతను దెబ్బతీసింది. ఆ సంగతి 2008 మేలో బయటపడేవరకు ఆ ప్యాకేజీతో తయారైన రహస్య లిపి తాళాలన్నీ ఊహించదగినవైపోయాయి. అప్పటినుంచి, తానుగా దిద్దాలా, మూల రచయితలకు పంపి వేచి ఉండాలా అన్న ప్రశ్నను మెయింటైనర్లు తేలికగా తీసుకోరు. ఫైల్ మేనేజర్ విషయంలో ఈ ప్రశ్న మరీ తరచుగా ఎదురవుతుంది. ఎందుకంటే భద్రతతో సంబంధం లేకపోయినా, వాడుకరుల అలవాట్లను నేరుగా తాకే మార్పులు ఇందులోనే ఎక్కువ. 2012లో నాటిలస్ 3.6 రెండు పలకల వీక్షణను తీసేసింది. కొందరు ఆ మార్పుల పట్ల ఎంత అసంతృప్తి చెందారంటే, లినక్స్ మింట్ బృందం నాటిలస్ 3.4 కోడ్‌ను తీసుకుని నేమో అనే వేరు శాఖనే మొదలుపెట్టింది. 2018లో 3.28 వెర్షన్ డెస్క్‌టాప్ మీద ఐకాన్లు చూపే సదుపాయాన్ని వదిలేసినప్పుడు ఉబుంటు వారు వేరే దారి పట్టారు. ఉబుంటు 18.04లో గ్నోమ్ మిగతా భాగాలు 3.28 అయినా, ఫైల్ మేనేజర్‌ను మాత్రం 3.26 దగ్గరే ఆపేశారు. అది అయిదేళ్ల మద్దతు ఉన్న విడుదల. అంటే రచయితలు వదిలేసిన వెర్షన్‌కు వచ్చే ప్రతి లోపాన్నీ తామే చూసుకుంటామని తల మీద పెట్టుకున్నట్లే. పెద్ద సంస్థ వెనుక ఉంటే ఆ బరువు మోయవచ్చు. తీరిక వేళల్లో పనిచేసే ఒంటరి మెయింటైనర్‌కు అది సాధ్యం కాదు.

ఇక బగ్ నివేదికల సంగతికి వద్దాం. ఎవరింట్లో తగవైనా చివరికి రచ్చబండకే చేరినట్లు, డెస్క్‌టాప్‌లో ఏ మూల ఏది చెడినా ఫిర్యాదు ఫైల్ మేనేజర్ పేరు మీదే వస్తుంది. పెన్‌డ్రైవ్ కనిపించకపోతే తప్పు కెర్నల్‌ది కావచ్చు, డిస్కులను గుర్తించి తగిలించే యూడిస్క్స్ సేవది కావచ్చు, అనుమతులు చూసే పోల్‌కిట్‌ది కావచ్చు. వీడియోకు సూక్ష్మచిత్రం రాకపోతే తప్పు వేరే థంబ్‌నెయిలర్ ప్రోగ్రాములో ఉండవచ్చు. నెట్‌వర్క్ ఫోల్డర్ తెరుచుకోకపోతే, ట్రాష్, నెట్‌వర్క్ ఫోల్డర్ల వంటివాటిని అందించే జీవీఎఫ్ఎస్ సేవను అనుమానించాలి. వాడుకరికి కనిపించేది మాత్రం ఒకే కిటికీ.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ‘పెన్‌డ్రైవ్‌లో ఫొటోలన్నీ తీసేశాను, అయినా చోటు ఖాళీ కాలేదు, ఫైల్ మేనేజర్ చెడిపోయింది’ అన్న ఫిర్యాదు ఎన్నేళ్లైనా ఆగదు. జరిగేది ఇది. హోం ఫోల్డర్‌లో తీసేసిన ఫైళ్లు వాడుకరి సొంత ట్రాష్ ఫోల్డర్‌లోకి వెళతాయి. వేరే డిస్కు మీది ఫైలును అక్కడికి తరలించాలంటే మొత్తం నకలు చేయాలి కాబట్టి, డెస్క్‌టాప్‌లన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్రీడెస్క్‌టాప్ ట్రాష్ ప్రమాణం ఆ డిస్కు మొదట్లోనే దాగి ఉండే ట్రాష్ ఫోల్డర్‌ను తయారు చేయమంటుంది. దాని పేరు చివర వాడుకరి సంఖ్య ఉంటుంది, చాలా కంప్యూటర్లలో అది 1000. ఫొటోలు ఆ పెన్‌డ్రైవ్ మీదే, చుక్కతో మొదలయ్యే పేరున్న ఆ ఫోల్డర్‌లో క్షేమంగా ఉంటాయి. ట్రాష్ ఖాళీ చేయకుండా పెన్‌డ్రైవ్ పీకేస్తే అవి అక్కడే మిగిలిపోతాయి. ప్రోగ్రాము ప్రమాణం ప్రకారమే నడిచింది. కాబట్టి బగ్ మూసేయాలి, కానీ మూసే ముందు మర్యాదగా ఇదంతా వివరించాలి. ఇలాంటి వివరణలు రాయడంలోనే మెయింటైనర్ సాయంత్రాలు చాలావరకు గడిచిపోతాయి.

ఈ పొరల మధ్య సంబంధాన్ని ప్యాకేజీలో ఎలా రాయాలన్నది మరో చిక్కు. డెబియన్‌లో ఒక ప్యాకేజీ ఇంకొకదాన్ని తప్పనిసరిగా కోరవచ్చు, గట్టిగా సిఫారసు చేయవచ్చు, ఊరికే సూచించవచ్చు. ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కు చెందిన థునార్ అనే ఫైల్ మేనేజర్‌నే తీసుకోండి. జీవీఎఫ్ఎస్ లేకపోయినా థునార్ తెరుచుకుంటుంది, ఫైళ్లు చూపిస్తుంది, నకళ్లు చేస్తుంది. కానీ ట్రాష్ ఉండదు, తీసి పెట్టే డిస్కులు పక్క పట్టీలో కనిపించవు. దాన్ని తప్పనిసరి చేస్తే, పాత లాప్‌టాప్ మీద తేలికపాటి వ్యవస్థ పెట్టుకోవాలనుకునేవారు అక్కర్లేని సేవలన్నీ తమ నెత్తిన రుద్దారని గొడవ చేస్తారు. సూచనగా వదిలేస్తే, ‘తీసేసిన ఫైలు తిరిగి తెచ్చుకునే దారే లేదు’ అని ఇంకొకరు గొల్లుమంటారు. సిఫారసు అన్న మధ్యస్థాయి ఉన్నది ఇందుకే. అయితే సిఫారసులను ఆపేసి వ్యవస్థను పేర్చుకునేవారే మళ్లీ వచ్చి ట్రాష్ ఏదని అడుగుతారు.

ఒకే కంప్యూటర్‌లో రెండు ఫైల్ మేనేజర్లు ఉన్నప్పుడు ఇంకో రకం తగాదా వస్తుంది. ఫోల్డర్ అన్నదానికీ ఒక మైమ్ రకం, అంటే అది ఏ కోవదో చెప్పే గుర్తు, ఉంది. దాన్ని తెరవగలమని ఫైల్ మేనేజర్లు ప్రకటిస్తాయి, కొన్ని కోడ్ ఎడిటర్లు, సంగీత ప్రోగ్రాములు కూడా ప్రకటిస్తాయి. ఒక ఎడిటర్‌ను కొత్తగా పెట్టుకున్న మర్నాటినుంచి బ్రౌజర్‌లో ‘ఫోల్డర్‌లో చూపు’ అని నొక్కితే ఎడిటరే తెరుచుకోవడం వెనుక సాధారణంగా ఉండే కారణం ఇదే. మరోవైపు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్‌లో, ఫైలును దాని ఫోల్డర్‌లో చూపించమని అడగడానికి అన్ని ఫైల్ మేనేజర్లకూ ఉమ్మడిగా ఒకే సేవా నామం ఉంది. థునార్, కేడీఈ డెస్క్‌టాప్‌కు చెందిన డాల్ఫిన్ వంటివి ఆ సేవను ప్రకటించే ఫైలుకు తమ పేరు కలిపి వేరువేరు పేర్లు పెడతాయి. రెండు ప్యాకేజీలు ఒకే చోట ఒకే పేరుతో ఫైలు పెట్టడానికి, డెబియన్‌లో ప్యాకేజీలను పెట్టే డీపీకేజీ అనే ప్రోగ్రాము ఒప్పుకోదు కాబట్టి, ఈ ఏర్పాటుతో అవి పక్కపక్కనే ఇమడగలుగుతాయి. అయితే ఎవరూ నడవనప్పుడు పిలుపు వస్తే ఎవరు లేచి పలకాలో ఆ ఏర్పాటు నిర్ణయించదు.

సూక్ష్మచిత్రాల ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని ప్రమాదం కూడా చెప్పాలి. ఫైలును తెరవకుండా, ఫోల్డర్‌ను చూసినంత మాత్రాన ప్రోగ్రాములు నడిచే సందర్భం ఇదొక్కటే అని చాలామంది అనుకుంటారు. 2017 జులైలో బయటపడిన ఒక లోపంలో, విండోస్ ప్రోగ్రాములను పెట్టడానికి వాడే ఎంఎస్ఐ ఫైళ్లకు సూక్ష్మచిత్రం తీసే చిన్న సహాయక ప్రోగ్రాము ఆ ఫైలు పేరును వడపోయకుండానే ఒక వీబీస్క్రిప్ట్‌లో చొప్పించేది. ఫైలు పేరులోనే కోడ్ రాసిపెడితే, ఆ ఫోల్డర్‌ను చూడగానే అది నడిచిపోయేది. 2019 ఆగస్టులో కేడీఈ విషయంలో సూక్ష్మచిత్రాలు కూడా అక్కర్లేకపోయింది. ఫోల్డర్‌కు ఏ ఐకాన్ పెట్టాలో చెప్పే డాట్ డైరెక్టరీ ఫైలులో షెల్ ఆదేశాన్ని రాస్తే, డాల్ఫిన్‌లో ఆ ఫోల్డర్ కనిపించడమే చాలు. లోపం కనిపించింది ఫైల్ మేనేజర్‌లో. ఉన్నది మాత్రం సెట్టింగుల ఫైళ్లను చదివే కేకాన్ఫిగ్ లైబ్రరీలో. కేడీఈ వారు ఆ సదుపాయాన్నే పూర్తిగా తొలగించారు, డెబియన్ కూడా కేకాన్ఫిగ్ ప్యాకేజీనే సవరించింది. డాల్ఫిన్ ప్యాకేజీలో ఒక్క అక్షరం మార్చినా అది తప్పు చోట చేసిన మరమ్మతు అయ్యేది.

ఫైల్ మేనేజర్ కోడ్‌లో ఎవరూ చేయి పెట్టకపోయినా ప్యాకేజీ చెడిపోగలదన్నది బయటివారికి అంత సులువుగా అర్థం కాని విషయం. 2020లో వచ్చిన జీసీసీ 10 (సీ కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే కంపైలర్), ఒకే గ్లోబల్ చరరాశిని పలు ఫైళ్లలో నిర్వచించడాన్ని సహించడం మానేసింది. 2024లో వచ్చిన జీసీసీ 14, ముందుగా ప్రకటించని ఫంక్షన్లను వాడితే హెచ్చరించి ఊరుకోక నేరుగా తప్పుగా లెక్కించింది. నిన్నటివరకు శుభ్రంగా కంపైలైన పదిహేనేళ్ల నాటి సీ ప్రోగ్రాము ఈ రెంటిలో ఏదో ఒక దగ్గర కూలబడుతుంది. అదే 2024లో డెబియన్ 32 బిట్ల ఆర్మ్ యంత్రాల్లో కాలాన్ని 64 బిట్లలో లెక్కించే పద్ధతికి మారింది. పాత లెక్క 2038 జనవరి 19 దాటి వెళ్లలేదు, ఫైళ్ల తేదీలు చూపడమే పనిగా ఉన్న ప్రోగ్రాముకు ఇది పక్కింటి విషయం కాదు. ఆ మార్పులో జీలిబ్, జీటీకే సహా వందలాది లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 అన్న తోక చేరింది, వాటిని వాడే ప్రతి ప్యాకేజీనీ మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇదంతా ఒక్క ప్రాసెసర్ మీద కాదు. డెబియన్ 12కు 9 రకాల యంత్ర నిర్మాణాలు ఉండేవి, అందులో ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఎస్390ఎక్స్ ఒకటి. మెయిన్‌ఫ్రేము మీద ఫోల్డర్ల కిటికీ తెరిచి ఫొటోలు చూసుకునేవారు ఎవరుంటారోగానీ, ఇదివరకు అక్కడ తయారైన ప్యాకేజీ కొత్త కూర్పులో తయారు కాకపోతే, తర్వాతి స్థిర విడుదలకు సిద్ధమవుతూ ఉండే పరీక్షా విడుదలలోకి అడుగుపెట్టలేదు.

లినక్స్ దాటితే చిక్కు మరో రూపు దాలుస్తుంది. ఫ్రీబీఎస్డీ అనే మరో యూనిక్స్ తరహా వ్యవస్థకు ఉన్న ప్యాకేజీల సేకరణ అయిన పోర్టుల్లో, ఫైల్ మేనేజర్ల కోసమే ఎక్స్11-ఎఫ్ఎం అనే విభాగం ఉంది. అక్కడ చాలాకాలంపాటు ఫోల్డర్‌లో మార్పులు కనిపెట్టడానికి ఉన్న సాధనం కేక్యూ. లినక్స్‌లోని ఐనోటిఫైకి ఫోల్డర్ దారి ఇస్తే చాలు, కేక్యూకు మాత్రం గమనించాల్సిన ప్రతి ఫైలునూ తెరిచి పట్టుకోవాలి. వేల ఫైళ్లున్న ఫోల్డర్‌లో తెరిచిన ఫైళ్ల పరిమితి అయిపోవడం, ఎవరో పట్టుకుని ఉన్నారంటూ పెన్‌డ్రైవ్ విడివడకపోవడం దీని ఫలితాలే. యూడిస్క్స్ లినక్స్‌కే చెందినది కావడంతో, అదే డీబస్ పలకరింపులకు జవాబిచ్చే బీఎస్‌డిస్క్స్ అనే ప్రత్యామ్నాయాన్ని అక్కడ రాసుకోవాల్సి వచ్చింది.

తెలుగు పేర్లు పెట్టుకునేవారికి నేరుగా తగిలే ఒక సంగతి కూడా ఇక్కడ ఉంది. లినక్స్‌లో డిస్కు మీద ఫైళ్లను పేర్చే ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ వ్యవస్థలకు ఫైలు పేరు అంటే అక్షరాలు కాదు, గరిష్ఠంగా 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి కాబట్టి 85 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. ‘లక్ష్మి’ అన్నది చూపుకు రెండక్షరాలు, లోపల 7 సంకేతాలు, 21 బైట్లు. విండోస్ ఎన్టీఎఫ్ఎస్‌లో లెక్క బైట్లలో కాక 16 బిట్ల ప్రమాణాల్లో ఉంటుంది కాబట్టి అక్కడ 255 తెలుగు సంకేతాలు పడతాయి. అందుకే వ్యాసం శీర్షిక మొత్తాన్ని ఫైలు పేరుగా పెట్టి విండోస్‌లో దాచినది లినక్స్‌లోకి నకలు చేయబోతే ‘పేరు మరీ పొడవుగా ఉంది’ అని తిరస్కారం ఎదురవుతుంది. పరిమితి ఫైల్ వ్యవస్థది, నింద మళ్లీ ఫైల్ మేనేజర్‌దే. నకలుకు కొత్త పేరు పెట్టేటప్పుడు పాతదాన్ని కుదించే కోడ్ బైట్ల మధ్యలో కోయకుండా జాగ్రత్తపడినా, సంకేతాల హద్దు దగ్గర కోస్తే ఒత్తు ఒక పక్క, పొల్లు ఒక పక్క మిగిలిపోతాయి. దీన్ని తెలుగు, కన్నడం వంటి లిపులు వాడేవారు నివేదిస్తేనే తప్ప ఇతరులకు తట్టదు. అలాంటి నివేదికలో సరిగ్గా ఏ పేరు పెట్టినప్పుడు జరిగిందో అక్షరం పొల్లుపోకుండా జతచేస్తే మెయింటైనర్ పని సగం తగ్గుతుంది.

ఇన్ని పనులకూ మనుషులు ఎందరు? నాటిలస్, థునార్, డాల్ఫిన్‌లకు డెబియన్‌లో గ్నోమ్, ఎక్స్ఎఫ్‌సీఈ, కేడీఈ బృందాలు ఉన్నాయి. ఏ డెస్క్‌టాప్‌కూ చెందని చిన్న ఫైల్ మేనేజర్లకు చాలాసార్లు ఒక్కరే దిక్కు. ఆ ఒక్కరిపై ఒత్తిడి ఎలాంటి ముప్పు తెచ్చిపెట్టగలదో 2024 మార్చిలో బయటపడిన, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రాము ఉదంతంలో అందరూ చూశారు. సాయం చేస్తానంటూ వచ్చినవారే నమ్మకం సంపాదించి, విడుదల ఆర్కైవ్‌లో దొంగ ద్వారం పెట్టారు. అందుకే చేయలేని పరిస్థితి వస్తే దాన్ని బాహాటంగా ప్రకటించే ఏర్పాటు డెబియన్‌లో ఉండడం మంచిదని నేను భావిస్తాను. మెయింటైనర్ ప్యాకేజీని అనాథగా నమోదు చేస్తే అది నాణ్యత బృందం పేరు మీదికి మారుతుంది, కావలసినవారు దత్తత తీసుకోవచ్చు. ఎవరూ ముందుకు రాక, విడుదలను అడ్డగించే స్థాయి బగ్ ఒకటి దిద్దకుండా మిగిలిపోతే, ఆ ప్యాకేజీని పరీక్షా విడుదలనుంచి తీసేస్తారు. సకాలంలో తిరిగి చేరకపోతే తర్వాతి స్థిర విడుదలలో అది ఉండదు. అంతకు ముందే దాన్ని పెట్టుకున్నవారి కంప్యూటర్‌లోంచి మాత్రం ఎవరూ తొలగించరు. దానికి కావలసిన పాత లైబ్రరీ ఉన్నంతకాలం అది నడుస్తూనే ఉంటుంది, భద్రతా సవరణలు మాత్రం ఇక రావు. తన దగ్గర అలాంటివి ఏవైనా మిగిలాయేమో చూసుకోవాలనుకునేవారు ప్యాకేజీల జాబితాను చూపే ఆప్టిట్యూడ్ అనే ప్రోగ్రామును తెరిచి, కాలం చెల్లినవి, సొంతంగా పెట్టుకున్నవి అన్న విభాగంలో వెతికితే జాబితా దొరుకుతుంది.